సెట్టంతా ఒకే కంపెనీది కావాలా? కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు హాల్లో ఉన్న పాటల సెట్టు చూసి ముందు నవ్వుతారు, ఆ తర్వాత అడుగుతారు. "ఏంది సార్, నాలుగు పెట్టెలు నాలుగు రకాలుగా ఉండాయే?" అని. ఉన్నమాటే. ఆంప్లిఫయరు వెండిరంగుది, మా తోడల్లుడు కువైట్ నుంచి వస్తూ తెచ్చింది. సీడీ ప్లేయరు నల్లది, దాని కంపెనీ వేరు. రికార్డ్ ప్లేయరు ఎవరింట్లోనో అటక మీద పడి ఉంటే తెచ్చుకున్నా, కింద చెక్క నేను చేయించింది. స్పీకర్లు కాఫీపొడి రంగు, వాటిది ఇంకో కంపెనీ. అడుగు బేసు పలికే సబ్‌వూఫరు బియ్యం డబ్బా మాదిరి ఒక మూల కూర్చోని ఉంటుంది. గాంధీరోడ్డు వెనక సందులో ముప్పై ఏళ్ళు ఆంప్లిఫయర్లు రిపేరు చేసినవాడి ఇంట్లో సెట్టు ఇట్లా ఉంటే నవ్వు రాదా మరి.

నేనూ ఒకప్పుడు అంతా ఒకే తీరుగా ఉండాలనే మనిషినే. 1996లో, పెళ్ళైన కొత్తలో, చీటీ పాడి ఆ డబ్బుతో ఐదంతస్తుల సెట్టు కొన్నా. ట్యూనరు, ఈక్వలైజరు, రెండు క్యాసెట్ల డెక్కు, సీడీ, అడుగున ఆంప్లిఫయరు. అన్నీ ఒకే వెడల్పు, ఒకే వెండి మెరుపు. రాత్రి లైట్లార్పితే ఈక్వలైజరు మీద ఎర్రగీతలు, పచ్చగీతలు ఎగురుతా గంగజాతర సీరియల్ లైట్ల సెట్టు లెక్క ఉండేది. ఏడో ఏడు ఆంప్లిఫయర్లో ట్రాన్స్‌ఫార్మరు కాలింది. అప్పుడు వెనక్కి తిప్పి చూస్తే బుర్రకెక్కింది: ఐదు పెట్టెల్లో కరెంటు వైరు ఉన్నది ఆ ఒక్కదానికే. మిగతా నాలుగూ చపాతీ లాంటి రిబ్బను కేబుళ్ళతో దాన్నుంచే కరెంటు తీసుకుంటున్నాయి. ఒకటి పోతే ఐదూ పోయినట్టే. ఆ ట్రాన్స్‌ఫార్మరు మా దగ్గర లేదు, ఆ మోడలే ఆపేశామన్నారు కంపెనీవాళ్ళు. నాలుగు రకాల వోల్టులిచ్చే దాన్ని చుట్టించాలని చూశా, కుదర్లేదు. ఊళ్ళో అందరివీ బాగుచేసేవాణ్ణి, నాది బాగుచేసుకోలేక ఆ ట్యూనరు మీద మంచినీళ్ళ చెంబు పెట్టుకున్నా.

ఆ రోజు నుంచి నాది ఒకటే లెక్క. అంగట్లో పెట్టె మొహం చూపిస్తారు, మనం దాని వీపు చూడాలి. కంపెనీ పేరు, రంగు, మెరుపు మొహం మీదుంటాయి. ఏది దేనితో జతపడుతుందనేది వీపు మీద అంకెల్లో ఉంటుంది.

ఒక గొంతుగా ఉండి తీరాల్సినవి

ముందు ఒకే కంపెనీ పట్టుబట్టాల్సిన చోటు చెప్తా, అది స్పీకర్ల దగ్గర. పాటలు మాత్రమే వినేవాళ్ళకు రెండు స్పీకర్లు చాలు, ఆ రెండూ ఒక జతగా పుట్టినవై ఉండాలి. సెకండ్‌హ్యాండులో ఒంటి స్పీకరు అగ్గువకు వస్తోంది కదా అని తెచ్చుకొని, దాని జోడీ తర్వాత వెతుక్కుందామనుకునేవాళ్ళను చాలామందిని చూశా. దొరకదు. దొరికినా దాని కోను (అదిరే గిన్నె) ఎండిపోయో, రబ్బరు చినిగిపోయో ఉంటుంది.

సినిమాలకు ఐదు స్పీకర్లు పెట్టేవాళ్ళయితే టీవీకి ఎడమ, కుడి, మధ్య ఉండే మూడూ ఒకే కంపెనీలో ఒకే సిరీస్‌వి ఉండాలి. కంపెనీ ఒకటైతే చాలదు, సిరీస్ కూడా ఒకటవ్వాలి. చిత్తూరు కట్టమంచిలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారింట్లో ఇది నా చెవులతో తెలుసుకున్నా. ఆయన దగ్గర పక్క స్పీకర్లు పాతవి, మంచివి, పట్టుగుడ్డ డోము ట్వీటరు (సన్నటి శబ్దాలు పలికేది) ఉన్నవి. మధ్య స్పీకరు మాత్రం ఇంకో కంపెనీది డిస్కౌంటులో కొన్నారు, దానిది అల్యూమినియం డోము. నేనే పోయి బిగించా. సినిమా పెట్టాం. తెర మీద ఒక లారీ ఎడమ నుంచి కుడికి పోతోంది. ఎడమ పక్క ఉన్నంతసేపు లారీయే. తెర మధ్యకు రాగానే ఎవరో తగరం రేకు మీద గోరుతో గీకినట్టయింది. కుడి పక్కకు పోయాక మళ్ళా లారీ అయింది. హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీసి, "ఏం నాయనా, మధ్యలో లారీకి జలుబు చేసిందా?" అన్నారు.

స్పీకరుకు గొంతుంటుంది. ట్వీటరు దేంతో చేశారు, బేసు పలికే వూఫరు ఎంత పెద్దది, రెండింటికీ మధ్య శబ్దాన్ని ఏ చోట విడగొట్టారు అనేదాన్ని బట్టి ఆ గొంతు తయారవుతుంది. ఒకే సిరీస్‌లో ఈ మూడూ ఒకే చేతి వంట. సినిమా సెట్లకు వాడే ఆంప్లిఫయర్లను రిసీవర్లంటారు, కొత్తవాటితో చిన్న మైకు ఇస్తారు, దాన్ని సోఫాలో పెట్టి బటన్ నొక్కితే స్పీకర్ల దూరం, సౌండు తనే సరిచేస్తుంది. సౌండు హెచ్చుతగ్గులు బాగానే సర్దుతుంది, గొంతును కొంతే సర్దగలదు. ఆయనింట్లో రెండుసార్లు ఆ మైకు పెట్టి చూశా. లారీకి జలుబు తగ్గింది గానీ పోలేదు.

చివరికి పైసా ఖర్చు లేని మందు వేశా. రిసీవరు సెట్టింగుల్లో మధ్య స్పీకరు లేదని పెట్టి, దాని వైరు పీకేశా. అప్పుడు మాటలన్నీ ఎడమ, కుడి స్పీకర్లకు సమంగా పోతాయి. నడిమధ్యన కూర్చున్నవాళ్ళకు మాట టీవీలోంచే వచ్చినట్టుంటుంది. ఇంట్లో ఇద్దరే ఉంటారు, ఒకే సోఫా, కాబట్టి వాళ్ళకు సరిపోయింది. హాలు నిండా జనం కూర్చునే ఇల్లయితే ఇది కుదరదు, పక్కన కూర్చున్నవాళ్ళకు మాట ఆ పక్కకే లాగినట్టు వినిపిస్తుంది. అట్లాంటి ఇంటికి సరైన మధ్య స్పీకరు కొనాల్సిందే.

వెనక పక్క స్పీకర్లకు ఇంత పట్టింపు అక్కర్లేదు. వాటిల్లో వచ్చేది వాన చప్పుడో, జనం గోలో.

సబ్‌వూఫరు కంపెనీ ఏదైనా పరవాలేదు, నిర్భయంగా కొనండి. రిసీవర్లో సబ్‌వూఫరుకు పంపే హద్దు సాధారణంగా 80 హెర్ట్జ్ (సెకనుకు 80 ఊపులు) దగ్గర పెడతారు. ఆ శబ్దం అల ఒక్కోటి 4 మీటర్ల పైచిలుకు పొడవుంటుంది, మన హాలే అంత ఉంటుంది. అంత పొడుగు అల ఏ మూల నుంచి వచ్చిందో చెవి పట్టుకోలేదు, ఇక దాని కంపెనీ ఏం పడుతుంది? ఆ హద్దును 150 దాకా పెంచితే మాత్రం మగగొంతుల అడుగుభాగం మూలలోకి పోతుంది, హీరో బియ్యం డబ్బాలోంచి మాట్లాడతాడు.

వీపు మీది అంకెలు

ఆంప్లిఫయరు ఒక కంపెనీది, స్పీకర్లు ఇంకో కంపెనీవి అయితే ఏమవుతుందని అడిగేవాళ్ళే ఎక్కువ. ఏమీ కాదు, అంకెలు కుదిరితే. స్పీకరు వెనక 8 ఓమ్స్ అనో, 6 అనో, 4 అనో ఉంటుంది, కరెంటుకు అది ఎంత అడ్డం పడుతుందన్న కొలత. ఆంప్లిఫయరు వెనక స్పీకరు వైర్లు బిగించే చోట, ఎన్ని ఓమ్స్ నుంచి ఎన్నింటి దాకా తట్టుకుంటుందో రాసి ఉంటుంది. 8 నుంచి 16 అని రాసినదానికి 4 ఓమ్స్ స్పీకరు తగిలిస్తే మెల్లగా పెట్టుకున్నంతసేపు బాగానే పాడుతుంది. పండగరోజు చుట్టాలొచ్చారని వాల్యూము పెంచితే కరెంటు రెండింతలు లాగుతుంది, లోపల ట్రాన్సిస్టర్లు కాగుతాయి. మంచి ఆంప్లిఫయరయితే టప్పని రిలే (లోపల కాపాడే స్విచ్చి) పడి ఆగిపోతుంది. నాసిరకమైతే నా అంగడికి వచ్చేది. రెండు జతల 8 ఓమ్స్ స్పీకర్లను ఒకేసారి పాడించినా ఆంప్లిఫయరుకు అది 4 ఓమ్స్ కిందే లెక్క, ఇది చాలామంది మర్చిపోతారు.

రెండో అంకె డెసిబెల్స్‌లో ఉంటుంది, 86 అనో 90 అనో. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎంత సౌండు చేస్తుందన్నది ఇది. వాట్లకంటే నేను దీన్నే ముందు చూస్తా. 3 డెసిబెల్స్ తేడా అంటే రెండింతల వాట్లు. 92 ఉన్న స్పీకరు 10 వాట్లకు చేసే సౌండు, 86 ఉన్న స్పీకరుతో రావాలంటే 40 వాట్లు కావాలి. చిన్న ఆంప్లిఫయరు ఇంట్లో ఉంటే ఈ అంకె ఎక్కువున్న స్పీకరు వెతుక్కోండి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో పీఎంపీఓ 3000 వాట్లు అని ఉంటే కళ్ళు మూసుకొని దాటిపోండి, ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇచ్చే అసలు వాట్లు, ఎంతో అడగండి. చెప్పలేకపోతే అంగడి మార్చండి.

సీడీ ప్లేయరు, ట్యూనరు, టీవీ బాక్సు ఏ కంపెనీవైనా ఆంప్లిఫయరుతో కలిసిపోతాయి. ఎర్ర, తెల్ల ఆర్‌సీఏ గుంటల్లో సీడీ నుంచి గరిష్ఠంగా 2 వోల్టుల దాకా సిగ్నల్ వస్తుంది, దాదాపు అందరూ పాటించే కొలత అది. రికార్డ్ ప్లేయరు ఒక్కటే వేరే జాతి. దాని ముల్లు దగ్గర పుట్టేది మామూలుగా 5 మిల్లీవోల్టుల లోపే. పైగా రికార్డు చెక్కేటప్పుడే బేసు తగ్గించి, కీచు పెంచి చెక్కుతారు, దాన్ని తిరగేసి సరిచేసే సర్క్యూట్ కావాలి. ఆ కొలత 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఖాయం చేసింది, ఇప్పటికీ లోకమంతా అదే. కాబట్టి ఆంప్లిఫయరు వెనక ఫోనో అని రాసిన గుంట ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ పని చేసే చిన్న ఫోనో ప్రీఆంప్ విడిగా దొరుకుతుంది, అదీ ఏ కంపెనీదైనా సరే. పాత ఫిలిప్స్ సెట్లకు ఐదు పిన్నుల గుండ్రటి గుంట ఉంటుంది. దాన్ని చూసి భయపడి పాత సామాన్లవాడికి వేయొద్దు, ఆర్‌సీఏకు మార్చే కేబులు దొరుకుతుంది.

కరెంటు వైరు దగ్గరున్న అంకె అన్నిటికంటే ముందు చూడాలి. మా తోడల్లుడు తెచ్చిన కువైట్ పెట్టెకు చిక్కు రాలేదు, అక్కడ లైను 240 వోల్టులు, మనది 230. జపాన్‌లో లైను 100 వోల్టులు, అమెరికాలో 120. జపాన్ లోపలి మార్కెట్టు కోసం చేసిన పాత ఆంప్లిఫయర్లు సెకండ్‌హ్యాండులో ఇక్కడికి వస్తుంటాయి, చూస్తే ముద్దొస్తాయి, వెనక 100 వోల్ట్స్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేరుగా మన ప్లగ్గులో పెడితే ఒక్క క్షణం కూడా పాడదు. వాటికి వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పదు.

పేరు చూసి మోసపోకుండా

ఒకే కంపెనీ అయితే లోపల అంతా వాళ్ళ సరుకే అనుకుంటారు. పేర్లు వేరైనా ఇల్లు ఒకటైనవి బోలెడున్నాయి. జేబీఎల్, ఇన్ఫినిటీ, హర్మాన్ కార్డన్ మూడూ హర్మాన్ వాళ్ళవే, ఆ హర్మాన్‌ను 2017లో శాంసంగ్ కొనేసింది. డెనాన్, మరాంట్జ్ 2002లోనే ఒక గూటికి చేరాయి. అంకెల సిగ్నల్‌ను సంగీతంగా మార్చే చిప్పు చేసేవాళ్ళయితే లోకం మొత్తం మీద కొద్దిమందే. 2020 అక్టోబరులో జపాన్‌లోని నోబెఓకాలో ఆసాహి కాసే చిప్పుల ఫ్యాక్టరీ కాలిపోతే, ఒకదానితో ఒకటి పోటీపడే కంపెనీలు చాలా ఒకేసారి సరుకు లేక డిజైన్లు మార్చుకున్నాయి. మీరు మొహం మీద పేరు చూసి గొడవ పడుతుంటే లోపల చాలామందిది ఒకే చిప్పు.

అయినా కంపెనీ కలిసి తీరాల్సిన చోట్లు ఇప్పుడు పెరిగాయి, అది కూడా చెప్పాలి. సౌండ్‌బారు కొని, దానికి వైర్‌లెస్ సబ్‌వూఫరు, వెనక స్పీకర్లు తర్వాత కొందామనుకుంటే అదే కంపెనీలో, అది కూడా ఆ మోడలుకు పనిచేస్తాయని రాసినవే కొనాలి. వాళ్ళ రేడియో భాష వాళ్ళకే తెలుస్తుంది. డబ్బాలో అన్నీ కలిపి అమ్మే హోమ్ థియేటర్ల స్పీకర్లు చాలావరకు 3, 4 ఓమ్స్‌వి, వాటి ప్లగ్గులు కూడా సొంతం. ఆ స్పీకర్లను తీసి మామూలు ఆంప్లిఫయరుకు తగిలించొద్దు.

టీవీ, రిసీవరు ఒకే కంపెనీవైతే ఒక రిమోటుతో రెండూ ఆన్ అవుతాయన్నది నిజమే. వేరే కంపెనీవైనా అవుతాయి, హెచ్‌డీఎంఐలో సీఈసీ అనే సదుపాయం అందుకే. చిక్కల్లా ఒక్కో కంపెనీ దానికి ఒక్కో ముద్దుపేరు పెట్టడంలో ఉంది. శాంసంగ్ ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. టీవీ సెట్టింగుల్లో ఆ పేరు వెతికి ఆన్ చేసి, కేబులును ఏఆర్‌సీ (టీవీ సౌండును రిసీవరుకు పంపేది) అని రాసిన గుంటలోనే పెట్టండి. సౌండు రాలేదని నాకు ఫోన్ చేసినవాళ్ళలో ఎక్కువమంది పక్క గుంటలో పెట్టినవాళ్ళే.

చూడ్డానికి

ఇక అందం సంగతి. నేను చెవి మనిషిని, ఇంట్లో కన్ను మా ఆవిడది. ఆమె బాధ కూడా బాధే. హాలు ఆమెది కూడా కదా. ఒకరోజు నేను కొర్లగుంటలో పనికి పోయి వచ్చేలోగా రెండు స్పీకర్లకూ ముందు నుంచి శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ కట్టేసింది. రామాయణం బొమ్మలు, చూడ్డానికి దేవుడి గదిలా ఉంది. ఎమ్మెస్ గారి రికార్డు పెట్టా. గొంతు దుప్పటి కప్పుకొని పాడినట్టుంది, తాళం చప్పుడు ఎక్కడికి పోయిందో తెలియదు. "ఏమండీ, బాగలేదా?" అంది. గుడ్డ విప్పి ఆమె చేతికిచ్చి, నోటికి అడ్డం పెట్టుకొని ఊదమన్నా. ఊపిరి అవతలికి పోలేదు. దగ్గర నేత, దానికి తోడు కరక్కాయ, పాలు, రంగులు ఒకదాని మీద ఒకటి పట్టిన గుడ్డ. ఊపిరి పోనిచోట ట్వీటరు శబ్దం కూడా పోదు. తర్వాత ఆమే బట్టలంగట్లో నాలుగైదు గుడ్డలు ఊది చూసి పల్చటిది తెచ్చింది, అంగడివాడు ఏమనుకున్నాడో. దాన్నే చెక్క ఫ్రేములకు లాగి బిగించాం, రెండు స్పీకర్లు, సబ్‌వూఫరు ఒకే రంగుకు వచ్చాయి. రెండు కంపెనీలు ఒక ఇంటివాళ్ళయ్యారు. కలంకారీ గోడకెక్కింది, అక్కడ ప్రతిధ్వని కాస్త తగ్గిస్తుందని నేనే ఒప్పుకున్నా.

పెట్టెలకైతే గుడ్డ కప్పొద్దు, గాలాడక చస్తాయి. వేరు వేరు కంపెనీలవైనా పూర్తి సైజు పెట్టెలు దాదాపు అన్నీ 43 సెంటీమీటర్లు, కొంచెం అటూ ఇటూ వెడల్పుంటాయి. అందుకే రంగులు కలవకపోయినా అంచులు కలుస్తాయి. వడ్రంగితో స్టాండు చేయించేటప్పుడు లోపలి వెడల్పు 48, లోతు 45 సెంటీమీటర్లు అడగండి, వెనక పలక వద్దనండి. ఆంప్లిఫయరు పై అరలో ఉండాలి, దాని నెత్తిన కనీసం 10 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. మే నెలలో మన ఊళ్ళో బయటే 40 డిగ్రీలు దాటుతుంది, మూసిన బీరువాలో పెట్టిన ఆంప్లిఫయరు ఇడ్లీపాత్రే. వెండిది, నల్లది కలిసి ఉంటే వాటిని పక్కపక్కన పెట్టొద్దు, మధ్యలో ఒక అర వదిలి పుస్తకాలో రికార్డులో పెట్టండి. అప్పుడు కావాలని పెట్టినట్టుంటుంది. నీలంరంగు బల్బులు రాత్రి కంట్లో పొడుస్తుంటే నల్ల ఇన్సులేషన్ టేపు చిన్న ముక్క చాలు.

సెకండ్‌హ్యాండు కోసం మద్రాసులో ఎలక్ట్రానిక్స్ అంగళ్ళుండే రిచీ స్ట్రీటుకు పోయేవాళ్ళు సప్తగిరి రైలు ఎక్కేముందు సంచిలో నాలుగు వేసుకోండి: కొలత టేపు, ఒకటిన్నర వోల్టు బ్యాటరీ, రెండు ముక్కల వైరు, బాగా విన్న పాట ఉన్న ఫోను. స్పీకరు ఎర్ర పిన్నుకు బ్యాటరీ ప్లస్, నల్లదానికి మైనస్ ఒక్క క్షణం తాకించండి. టక్కుమని కోను ముందుకు రావాలి. వెనక్కి పోతే చాలావరకు ఎవరో విప్పి వైర్లు తారుమారు చేశారని లెక్క. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి కొట్టే జతను అట్లాగే బిగిస్తే బేసు మాయమవుతుంది. అట్లాంటి జత దొరికితే బేరానికి మంచి పట్టు, ఇంటికొచ్చి ఒకదాని వైర్లు తిరగేసి పెట్టుకుంటే సరిపోతుంది. ఇంకొక మాట, అంగడివాడు ముందువైపు తుడిచి చూపిస్తుంటే మీరు ఫోను లైటేసి వెనక్కి పోండి. నేనట్లా వంగి వెనక చూస్తుంటే ఒకాయన, "ఏం సార్, తోకుందేమో చూస్తున్నారా?" అన్నాడు. ఉంది, మూడు పిన్నుల ప్లగ్గు, పక్కనే 100 వోల్ట్స్ అని రాసి ఉంది.